ఒంటిగంటా పావుకి మా గుమ్మం

రెజాన్ తిబోని చూడగానే నా మనసులో మొట్టమొదట వచ్చిన మాట, "వీడా?" అని.

పొట్టి మనిషి. బట్టతల. ముక్కు మీదికి జారిపోయే కళ్ళజోడు. క్యుబెక్‌లో ఏదో ఊళ్ళో పిల్లలకి భూగోళం చెప్పే మాస్టారు. ఇతని కోసమా ఒదిల్ ఎనిమిది నెలలు కూర్చుని ఉత్తరాలు రాసింది? ఇతను వస్తున్నాడనా కిటికీలన్నిటికీ కొత్త కర్టెన్లు కుట్టింది? పదకొండేళ్ళుగా ప్రతి ఆదివారం నేను ఆమె ఇంటికెళ్ళి, పేకాడి, కాఫీ తాగి, టోపీ పెట్టుకుని తిరిగొస్తున్నాను. నా కోసం ఒక్క కర్టెను మారలేదు.

ఇప్పుడా ఒదిల్ ఆస్పత్రిలో తల పగిలి, తెలివి లేకుండా పడి ఉంది. అక్కడ కూర్చునే ధైర్యం నాకు లేక మా అక్క గిస్లేన్‌ని పంపాను. ఈ మాస్టారేమో చేతులకి బేడీలతో నా ఎదురుగా బల్ల దగ్గర ఉన్నాడు. గోడ గడియారంలో రెండూ నలభై. ఐదింటికి జడ్జి వచ్చి సంతకం పెడితే హత్యాయత్నం కింద లోపలికి పోతాడు.

నా పేరు ఫిర్మన్ ఒలైజొలా. సరిహద్దు పోలీసు ఇన్‌స్పెక్టర్‌ని. కెనడా పక్కనున్న మా ఫ్రెంచి దీవి సేన్ పియేర్‌లో కాలుపెట్టే ప్రతివాడి పాస్‌పోర్టూ నా బల్ల మీదుగా పోవాలి. ఊళ్ళో నేరాలు మాత్రం జాందార్మ్ పోలీసుల కెప్టెన్ వసేర్ చూస్తాడు. పారిస్ నుంచి విమానంలో దిగి నాలుగు వారాలైంది. అప్పుడే మాకు సముద్రం గురించి పాఠాలు చెబుతాడు. ముద్దాయి సరిహద్దు దాటి వచ్చాడు కాబట్టి కాగితం మీద నా సంతకం కూడా కావాలని పిలిపించాడు, అంతే. రేవు రిజిస్టరు చంకన పెట్టుకుని వచ్చాను. కుర్చీ మాత్రం వెయ్యలేదు. నేనే లాక్కుని కూర్చున్నాను.

"మళ్ళీ మొదట్నించీ చెప్పండి మాస్టారూ," అన్నాడు వసేర్. "ఆవిడ ఇంటికి ఎన్నింటికి వెళ్ళారు?"

"ఒంటిగంటా పదికండీ."

"ఖాయమేనా?"

"గుమ్మం ముందు నిలబడి వాచీ చూసుకున్నాను. ఒంటిగంటా పావుకి రమ్మంది. పడవ ఆలస్యమైంది కదా, మాట తప్పుతానేమో అనుకున్నాను. అయిదు నిమిషాలు ముందే వచ్చానని సంతోషపడ్డాను."

"ఎదురింటి ముసలావిడ సరిగ్గా ఒంటిగంటా పావుకి దబ్బుమని చప్పుడు విన్నది. రేడియోలో వాతావరణం చెప్పడం అప్పుడే మొదలైందట. మీరు ఆవిడ తలుపు బాది సాయం అడిగింది ఒంటిగంటా నలభై రెండుకి. ఆవిడ వెంటనే మాకు ఫోను చేసింది, టైము మా పుస్తకంలో ఉంది. ఈ మధ్యలో ఏం చేస్తున్నారు?"

"మధ్యలో ఏం లేదండీ. తలుపు తట్టాను. పలకలేదు. తోసి లోపలికి అడుగుపెడితే కాలికి మెత్తగా తగిలింది. వంగి చూశాను. వెంటనే పరిగెత్తాను."

"అరగంట వంగి చూశారా?"

మాస్టారు వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. పాపం, లెక్క తనకే కుదరడం లేదు.

"మీ వాచీ సరిగ్గా నడుస్తుందా?"

"నడుస్తుందండీ. పొద్దున పడవ ఎక్కేముందు రేవులో పెద్ద గడియారం చూసి సరిచేసుకున్నాను."

"చాలా మంచిపని చేశారు," అని వసేర్ ఆ మాట కాగితం మీద రాసుకుని కింద గీత గీశాడు.

ఆ మాటతో నాకు మొత్తం తెలిసిపోయింది. మా దీవిలో ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ రేవు సముద్రానికి అవతల, న్యూఫౌండ్‌లాండ్‌లో ఉంది. పడవలో మహా అయితే గంటన్నర, కానీ వాళ్ళ గడియారం మాకంటే అరగంట వెనక నడుస్తుంది. పడవ దిగగానే ముల్లు అరగంట ముందుకి తిప్పుకోవాలి. మాస్టారి ఒంటిగంటా పది అంటే మాకు ఒంటిగంటా నలభై. దెబ్బ పడిన ఇరవై అయిదు నిమిషాలకి వచ్చి, చూసి, రెండు నిమిషాల్లో సాయం అడిగాడు. విమానంలో దిగిన కెప్టెన్‌కి ఆ పడవ సంగతి తెలియదు.

నోరు తెరిచి ఒక్క మాట అంటే చాలు. నేను అనలేదు.

తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. ఎందుకంటే నా కడుపులో మంట ఈనాటిది కాదు. వసేర్ ఇప్పుడు వెటకారంగా పైకి చదువుతున్న కాగితం ఉంది చూశారూ, మాస్టారి జేబులో దొరికింది, అది మొదట నా చేతికే వచ్చింది. ఒదిల్ స్వయంగా రాసిన ప్రయాణం ప్లాను. "నువ్వు రేవులో ఉంటావు కదా ఫిర్మన్, టైములు సరిగ్గా ఉన్నాయో లేదో చూసిపెట్టు," అని నాకే ఇచ్చింది. వేరే ఎవరూ దొరకనట్టు.

"పన్నెండున్నరకి పడవ వస్తుంది," చదివాడు వసేర్. "కంగారు పడకండి, మా వాళ్ళకి ఎప్పుడూ తొందర ఉండదు. పన్నెండు నుంచి రెండు దాకా ఊరంతా మూసే ఉంటుంది. బ్యాంకు, పోస్టాఫీసు, బేకరీ, అన్నీ. ఏదైనా కొనుక్కొద్దామని తిరగకండి. చేతులూపుకుంటూ రండి, నా దగ్గర అన్నీ ఉన్నాయి. ఒంటిగంటా పావుకి మా గుమ్మం. వీధి తలుపు తట్టి బయట నిలబడకండి, అలా కొత్తవాళ్ళు చేస్తారు. రెండు తలుపుల మధ్య తాంబూర్‌లోకి వచ్చేసి, వెనక తలుపు గట్టిగా మూసి, అప్పుడు లోపలి తలుపు తట్టండి."

తలెత్తి నవ్వాడు. "పెళ్ళిచూపులకి కూడా ఇంత ఏర్పాటు ఉండదు."

నా దగ్గర అన్నీ ఉన్నాయి. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదువుకున్నానో నాకే తెలుసు. వాచీ తిప్పుకోమని మాత్రం ఒదిల్ రాయలేదు. ఊపిరి పీల్చమని ఎవరైనా రాస్తారా? మాకు అది అలాంటిది. ఆ మాట లేదని నేను గమనించాను. టైములు దిద్దినవాణ్ణి, ఒక్క ముక్క చేర్చొచ్చు. చేర్చలేదు. మొదటి రోజే భోజనానికి అరగంట ఆలస్యంగా వచ్చి చివాట్లు తింటాడులే అనుకున్నాను. అంత నీచమైన ఆలోచన నాది.

నిన్న సాయంత్రం భోజనాల దగ్గర ఆ ప్లాను మొత్తం అక్కకి గొంతు మార్చి కంఠతా అప్పజెప్పాను. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. "ఆ మనిషి ఆ గుమ్మం దాటకపోతే చాలక్కా నాకు," అన్నాను చివరికి. "చల్లారిపోతోంది, తిను," అంది. అమ్మ పోయినప్పటి నుంచీ ఆవిడే నాకు వండి పెడుతుంది, ఎక్కువ మాట్లాడదు.

ఇవాళ రేవు డ్యూటీ నాది. అతని మొహం చూసి ముద్ర వెయ్యలేక తలనొప్పని కానిస్టేబుల్‌కి అప్పగించి, ఇంట్లో గోడ గడియారం ముందు కూర్చున్నాను. సూపు చల్లారింది. అక్క రొట్టె ఆలస్యంగా తెచ్చింది, బేకరీలో జనం ఉన్నారంది. అదీ నోట్లో చెక్కలా తిరిగింది. ఓర్వలేనివాడికి అమృతమైనా అంతే.

"ఇన్‌స్పెక్టర్ గారూ." మాస్టారు నా వైపు తిరిగాడు. "మీరేనా ఫిర్మన్?"

"అయితే?"

"ఒదిల్ ప్రతి ఉత్తరంలోనూ మీ గురించి రాసేదండీ. పైకప్పు కారితే ఫిర్మన్ వచ్చాడు, జ్వరమొస్తే ఫిర్మన్ మందు తెచ్చాడు, ఈ దీవిలో నాకు ఏ కష్టమొచ్చినా ఫిర్మన్ ఉన్నాడు అని." కళ్ళజోడు పైకి నెట్టుకోబోతే బేడీలు గలగలమన్నాయి. "నిజం చెప్పొద్దూ, నాకు మీరంటే కుళ్ళుగా ఉండేది. ఉత్తరం విప్పగానే ముందు మీ పేరు ఎన్నిసార్లుందో లెక్కపెట్టేవాణ్ణి. ఇప్పుడడుగుతున్నాను. ఆవిడకి ఏం కాదు కదండీ?"

ఆ తర్వాత ఎలా కూర్చోను?

"కెప్టెన్ గారూ," అన్నాను, "ఆయన వాచీ ఒకసారి చూడండి. తర్వాత మీ గోడ గడియారం చూడండి."

వసేర్ మాస్టారి మణికట్టు పట్టుకుని చూశాడు. రెండూ ఇరవై. గోడ మీద రెండూ యాభై. మెడ దగ్గర మొదలైన ఎరుపు నెమ్మదిగా చెవుల దాకా పాకింది. నాలుగు వారాల్లో నేను చూసిన మంచి దృశ్యం అదొక్కటే.

"ఆ రేవు గడియారం న్యూఫౌండ్‌లాండ్‌ది. వాళ్ళు మనకంటే అరగంట వెనక. ఇంకా కావాలంటే ఇదిగో మా రిజిస్టరు. పొగమంచు వల్ల పడవ పన్నెండూ యాభై అయిదుకి గానీ రాలేదు. పాస్‌పోర్టు చూపించి, సూట్‌కేసు విప్పించుకుని, ఈయన రేవు గేటు దాటింది ఒకటీ ఇరవై అయిదుకి. దెబ్బ పడినప్పుడు ఈయన మా కానిస్టేబుల్ ఎదురుగా బనియన్లు మడత పెట్టుకుంటున్నాడు."

"ఈ సంగతి మీరు ఎప్పుడు గమనించారు?"

"ఇప్పుడే."

"ఇప్పుడే," అని నా మాటే నాకు తిరిగి ఇచ్చాడు వసేర్. మనిషి తెలివితక్కువవాడు కాదు, అదే నా ఏడుపు. "సరే. ఈయన కాకపోతే ఇంకొకడు. ఎవడో తెలిసినవాడు వచ్చాడు, ఆవిడ తలుపు తీసింది, కొట్టాడు."

"ఆవిడ తలుపు తియ్యలేదు. మీరు ఆ ఇల్లు చూశారు గానీ, చూడాల్సింది చూడలేదు. పదండి."

"నాకు పని నేర్పుతున్నారా ఒలైజొలా గారూ?"

"ఐదింటి దాకా టైముంది కదా, నేర్చుకోండి."

ఒదిల్ ఇల్లు అయిదు నిమిషాల దూరం. నాలుగు గదులు అద్దెకిస్తుంది. మా ఇళ్ళన్నిటికీ ఉన్నట్టే గుమ్మం ముందు చెక్కలతో కట్టిన చిన్న అర, తాంబూర్, ఉంది. మంచూ గాలీ ఇంట్లోకి రాకుండా బయట ఒక తలుపు, లోపల ఒక తలుపు. రెండూ ఒకేసారి తెరవడం మా దగ్గర నేరం కంటే ఎక్కువ. ఇద్దరు నిలబడితే నిండిపోతుంది. ఒక పక్క బూట్లు, ఇంకో పక్క కోట్లు.

నెత్తురు ఎండిన చోట వసేర్ కాపలా పెట్టాడు. కాపలావాణ్ణి బయటికి పంపి నేను నేల చూపించాను.

"ఇవి ఏమిటి?"

"చెప్పులు."

"ఒదిల్ ఇంట్లో తొడుక్కునే ఉన్ని చెప్పులు. మొనలు లోపలి తలుపు వైపు, పక్కపక్కనే, పొడిగా ఉన్నాయి. అంటే బయటికి వెళుతూ విప్పి, రాగానే తొడుక్కోవడానికి సిద్ధంగా పెట్టుకుంది. ఆస్పత్రిలో ఆమె కాళ్ళకి ఏమున్నాయి?"

వసేర్ నోటుపుస్తకం తీశాడు. "బూట్లు. తడివి." పేజీ తిప్పి, "రెయిన్‌కోటు కూడా. పసుపుపచ్చది, తడిసింది. చాలా పెద్దది."

"చనిపోయిన మొగుడిది. చేపలవేటకి వేసుకునేవాడు. ఆవిడ ఇంట్లోంచి వచ్చి తలుపు తియ్యలేదు కెప్టెన్ గారూ. పడవ ఎంతకీ రాకపోయేసరికి రేవు వైపు వెళ్ళి ఉంటుంది, పొయ్యి మీద ఏదో ఉందని తిరిగొచ్చి ఉంటుంది. ఒంటిగంటా పావుకి ఈ వీధి తలుపులోంచే లోపలికొచ్చింది. దెబ్బ ఎక్కడ పడింది?"

"తల వెనక. కాడ్ చేపల తల మీద కొట్టే దుడ్డుకర్ర లాంటిదన్నారు డాక్టరు. అది ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ ఉంటుందట."

"ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది. ఇప్పుడు మీరు బయటికెళ్ళి, లోపలికి రండి."

విసుక్కుంటూ వెళ్ళాడు. వీధి తలుపు తోసి వచ్చి, దాన్ని తెరిచే ఉంచి నిలబడ్డాడు.

"మూయండి. మా ఊరివాళ్ళం అది మూసేదాకా లోపలి తలుపు మీద చెయ్యి వెయ్యం."

వెనక్కి తిరిగి మూశాడు. తాంబూర్‌లో కిటికీ లేదు. మూతపెట్టిన డబ్బాలో ఉన్నట్టు చీకటి. అతను లోపలి తలుపు కోసం చేత్తో తడుముతూ నాకు వీపు పెట్టాడు. నేను కోట్ల వెనక నుంచి వేలు చాపి అతని తల వెనక తాకించాను.

గోడకి గుద్దుకున్నాడు. నేను తలుపు తీశాను.

"పోయారు కెప్టెన్ గారూ," అన్నాను. మూడు రోజులైనా చెప్పుకోదగ్గ ఆనందం కలిగింది.

అతను టోపీ సర్దుకుని, కోట్లు పక్కకి జరిపి చూశాడు. వాటి వెనక నేల మీద బూట్ల తడి ఇంకా ఆరలేదు. ఎవరో చాలాసేపు అక్కడే నిలబడ్డారు. ఒదిల్ అటు వెళ్ళాకే వచ్చి దూరి ఉండాలి. ఆమె లోపల వంటింట్లో ఉందనే అనుకుని ఉంటారు.

"ఒదిల్ కోసం వచ్చినవాడైతే లోపలి తలుపు తడితే సరిపోయేది," అన్నాను. "చీకట్లో కోట్ల వెనక ఎందుకు దాక్కోవాలి? బయటినుంచి వచ్చేవాడి కోసం కాచుకున్నారు. వీధి తలుపు తెరుచుకుంది, పెద్ద మగకోటు వచ్చింది, తలుపు మూసుకుంది. కొట్టారు. అది ఒదిల్ అని కొట్టినవాళ్ళకి తెలియదు. దెబ్బ మాస్టారి కోసం."

చెప్పేశాక నా తెలివికి నేనే మురిసిపోయాను. వసేర్ మురవలేదు. జేబులోంచి ఆ ప్లాను కాగితం తీసి, వెలుగులో పట్టుకున్నాడు.

"అయితే కాచుకున్నవాడికి ఒంటిగంటా పావు అని ముందే తెలిసుండాలి. ఆవిడ మొదట ఒంటిగంట అని రాసింది. ఎవరో కొట్టేసి పావు చేర్చారు. 'మా వాళ్ళు సూట్‌కేసులు ఊరికే వదలరు' అని పక్కన రాశారు." తలెత్తాడు. "ఎర్ర పెన్సిలుతో."

గుమ్మడికాయల దొంగ అనకముందే నా చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. అక్కడే ఉంది ఆ పెన్సిలు. రోజూ ఉండేదే.

"నేను వచ్చిన మొదటి వారంలోనే ఊరు నాకు రెండు విషయాలు చెప్పింది," అన్నాడు వసేర్ తాపీగా. "పొగమంచులో బయటికెళ్ళొద్దు. ఆదివారం ఒదిల్ ఇంటికెళ్ళొద్దు, ఫిర్మన్‌కి నచ్చదు. ఇవాళ రేవు డ్యూటీ ఎవరిది?"

"నాది."

"ఎందుకు చెయ్యలేదు?"

"తలనొప్పి."

"వాచీ సంగతి ఇప్పుడే గమనించారా, నిజంగా?"

"లేదు. ఆయన నోట మాట రాగానే."

"ఎందుకు చెప్పలేదు?"

"కుళ్ళు," అన్నాను. దాచడానికి ఇంకేం మిగల్లేదు.

"ఒంటిగంటా పావుకి ఎక్కడున్నారు?"

"ఇంట్లో. భోజనం దగ్గర."

"సాక్ష్యం?"

"మా అక్క గిస్లేన్..."

అక్కడితో ఆగాను. వసేర్ చేతిలో కాగితం నా కళ్ళముందే ఉంది. ఎర్ర గీతకి పైన, ఒదిల్ గుండ్రటి అక్షరాలు. పన్నెండు నుంచి రెండు దాకా ఊరంతా మూసే ఉంటుంది. బ్యాంకు, పోస్టాఫీసు, బేకరీ, అన్నీ.

అక్క ఒంటిగంటన్నరకి వచ్చింది. రొప్పుతోంది. బేకరీలో జనం ఉన్నారంది. యాభై ఏడేళ్ళుగా ఈ ఊళ్ళో బతికిన మనిషి ఆ మాట అంది, నలభై తొమ్మిదేళ్ళుగా బతికినవాణ్ణి నేను ఊఁ అన్నాను. గడియారం మీదున్న నా కళ్ళు ఆవిడ మీదికి తిప్పి ఒక్కసారి చూడలేదు.

ఆ మనిషి ఆ గుమ్మం దాటకపోతే చాలక్కా నాకు. నేనే అన్నాను. చిన్నప్పటి నుంచీ నేను అడిగింది ఆవిడ ఏనాడూ కాదనలేదు.

"మీ అక్క?" అన్నాడు వసేర్.

ఊఁ అంటే సరిపోతుంది. ఇద్దరం ఒకరికొకరం సాక్ష్యం. అక్క కళ్ళు ఆర్పకుండా చెబుతుంది, తమ్ముడు నా ఎదురుగానే సూపు తాగాడని. కానీ ఇవాళ ఒకసారి నోరు మూసుకుని చూశాను. రెండోసారి నా వల్ల కాలేదు.

"మా అక్క ఇంట్లో లేదు కెప్టెన్ గారూ. రొట్టె కోసం వెళ్ళానంది. సగం ఇంకా మా బుట్టలోనే ఉంది, మీరే పట్టుకు చూడండి. నాకు నోరు చేదై అలా ఉందనుకున్నాను. అది నిన్నటి రొట్టె."

వసేర్ నా వైపు చూశాడు. వెటకారం లేదు ఆ చూపులో. తర్వాత నోటుపుస్తకం మూసి, మామూలు గొంతుతో అడిగాడు.

"ఇప్పుడు ఎక్కడుంది ఆవిడ?"

"ఆస్పత్రిలో," అన్నాను. "ఒదిల్ మంచం పక్కన. నేనే కూర్చోబెట్టాను."